మూత కింది చుక్కలు

మే నెల. చంద్రగిరిలో పొద్దున ఆరింటికే గాలి వెచ్చబడింది. మీరు అవ్వ వసారాలో చాప మీద కూర్చున్నారు. ముందున్న చాటలో బొటనవేలంత లావున, కండపట్టిన మట్టిరంగు వేళ్లు. శేషాచలం కొండల్లో రాళ్ల సందుల్లోంచి అల్లుకునే తీగవి. ఇక్కడ నన్నారి కొమ్ములంటారు. శాస్త్రవేత్తలకు ఇది డెకాలెపిస్ హమిల్టోనియై.

అవ్వ ఒక కొమ్మును రాతి మీద పెట్టి పొత్రంతో ఒక్క దెబ్బ వేసింది. కండ చిట్లింది. వసారా అంతా వాసన నిండిపోయింది. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. మొదట తీపి, ఆ వెంటనే చురుక్కుమంటుంది, కాసేపటికి నాలుక తిమ్మిరెక్కుతుంది.

"నడిమి పుల్ల తీసెయ్ నాయనా. వాసనంతా పైకండలోనే ఉంటాది."

ఆ వాసనకు మూలం 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలాకు వాసననిచ్చే వెనిలిన్‌లో ఉన్న పరమాణువులే ఇందులోనూ అన్నే ఉన్నాయి, అమరిక మాత్రం వేరు. సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం కూడా దీనికుంది. ఇది ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది, నీళ్లలో కొద్దిగానే. ఆవిరితో పాటు మాత్రం ఇట్టే లేచిపోతుంది.

పొయ్యి మీద దంచిన కొమ్ములు వేసిన నీళ్లతో రెండు గిన్నెలున్నాయి. మూతలేని గిన్నె తెర్లుతోంది, వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి వాసన పీలుస్తున్నారు. మూతపెట్టిన గిన్నె సన్నసెగ మీద ఉంది. పావుగంట గడిచాక రెండూ రుచి చూడండి. మొదటిదాంట్లో రంగుంది, వగరుంది, వాసన సగం వీధిపాలైంది. రెండోదాంట్లో వాసన ఇంకా నిలిచే ఉంది.

మూలన మట్టిముంత. దంచిన కొమ్ముల్ని రాత్రే అందులో చన్నీళ్లలో నానేసింది అవ్వ. ఆయుర్వేదంలో దీన్ని హిమం అంటారు. ఒక పాలు మందుకు ఆరు పాళ్లు నీళ్లు పోసి రాత్రంతా ఉంచమంటుంది శార్ఙ్గధర సంహిత. క్వాథానికైతే పదహారు పాళ్లు పోసి ఎనిమిదో వంతుకు మరిగించాలి. గట్టి వేరు నుంచి సారం రావాలంటే మరగాల్సిందే. పరిమళం నిలవాలంటే మరిగించకూడదు.

అలాగని నీళ్లలోకి దిగేది వాసన ఒక్కటే కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ వేళ్ల నుంచి నీటితో తీసిన సారంలోనే యాంటీఆక్సిడెంట్ పదార్థాలను వేరుచేశారు. వేరు ఒకటే అయినా నీళ్లు, సెగ, ఆల్కహాల్ దేనికదే వేరే సరుకును బయటికి తెస్తాయి. అందుకే 'నన్నారి మంచిది' అని ఊరుకుంటే చాలదు, ఎలా తీశారో కూడా అడగాలి.

కొండలో తవ్వడం దగ్గర్నుంచే అడగాలి. గడ్డలన్నీ పెళ్లగిస్తే తీగ మిగలదు. దక్షిణ భారతంలో తప్ప సహజంగా ఎక్కడా పెరగని ఈ తీగ ఇప్పుడు ముప్పులో పడింది.

"తల్లివేరు ఉంచి తవ్వాల. లేకుంటే మళ్లేడు ఏం తెస్తారు?"

షర్బత్తు కోసం ముందే కాచి చల్లార్చిన పాకంలో ముంతనీళ్లు వడపోసి, నిమ్మకాయ పిండింది అవ్వ. తర్వాత రెండో గిన్నె మూత ఎత్తింది. మూత అడుగున వరసగా నీటిచుక్కలు. వేలితో ఒకటి అద్దుకుని చూడండి, రంగే లేదు, వాసన మాత్రం గుప్పున కొడుతోంది. అవ్వ మూతను ఒంచి, ఆ చుక్కల్ని ఒక్కటీ పోనీకుండా గిన్నెలోకే జార్చింది.