పిల్లి చెవి గోక్కుంటోందా? చుక్కల మందు వేసే ముందు ఇవి తెలుసుకోండి

మీ పిల్లి పదేపదే తల విదిలిస్తోందా? చెవి గోక్కుంటోందా? ఇంట్లో ఉన్న చుక్కల మందు వేసేయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని మందులతో వినికిడే దెబ్బతినొచ్చు.

కారణమేంటి?
చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి ఉంటే మైట్స్ అనే సూక్ష్మ పురుగులు కావొచ్చు. ఇవి మిగతా పిల్లులకు, కుక్కలకూ అంటుకుంటాయి కాబట్టి అన్నింటికీ చికిత్స చేయించాలి. దుర్వాసన, చీము ఉంటే బ్యాక్టీరియా లేదా ఫంగస్ ఇన్‌ఫెక్షన్‌ అని అనుమానించాలి. చిన్న వయసు పిల్లుల్లో పాలిప్ అనే కండ పెరగొచ్చు. అది క్యాన్సర్ కాదు, కానీ తీయించాలి. వయసు మళ్లిన పిల్లికి చెవిలో గడ్డ కనిపిస్తే క్యాన్సర్ పరీక్ష అవసరం.

ఏం చేయకూడదు?
ఇయర్ బడ్స్ లోపలికి పెట్టొద్దు. కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందులు పిల్లులకు ప్రాణాంతకం.

ఎక్కడికి వెళ్లాలి?
ముందు దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లండి. హైదరాబాద్‌ నారాయణగూడలో, విజయవాడ లబ్బీపేటలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలు ఉన్నాయి. డాక్టర్ చెవి లోపల చూసి, మురికి నమూనాను మైక్రోస్కోప్‌లో పరీక్షిస్తేనే సరైన మందేదో తేలుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయొద్దు?
తల ఒకవైపు వాల్చినా, తూలుతూ నడిచినా ఇన్‌ఫెక్షన్ లోపలి చెవికి చేరి ఉండొచ్చు. అదే రోజు చూపించండి. గోకడం తగ్గిందని మందు మధ్యలో ఆపేయకండి.