రిపోర్టు ఎవరిది? అందులో నిజమెంత? శ్రీకాకుళం ఉద్యమంతో ఒక లెక్క

నరసన్నపేట నుంచి మాట్లాడుతున్నాను. ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన ఫోన్లకి ఒక రకం మెసేజ్‌లు వస్తాయి. "ఫలానా థింక్ ట్యాంక్ రిపోర్టు తేల్చేసింది" అని. గ్రూపులో ఒకడు "అది వాళ్ల పార్టీ సంస్థరా, నమ్మకు" అంటాడు. ఇంకొకడు "రిపోర్టులోనే ఉంది కదా, నిజమే" అంటాడు. ఇద్దరూ రెండు వేరే ప్రశ్నల్ని ఒకటి చేసేస్తున్నారు. ఆ సంస్థ ఎటు మొగ్గుతుంది అన్నది ఒక ప్రశ్న. అది చెప్పిన మాట నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. మొగ్గు ఉన్నవాడు కూడా నిజం చెప్పొచ్చు.

దీన్ని మన జిల్లా చరిత్రతోనే చూద్దాం.

1967 అక్టోబర్ 31. పార్వతీపురం ఏజెన్సీలో మొండెంఖల్ సభకి గిరిజనులు నడిచి వెళ్తున్నారు. లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు కోర్టులో విడుదలైపోయారు. అప్పటికే ఏళ్ల తరబడి గిరిజన సంఘం కట్టిన వెంపటాపు సత్యం మాస్టారు, ఆదిభట్ల కైలాసం లాంటివాళ్లు 1968 చివరికల్లా సాయుధ పోరాటంలోకి వెళ్లారు. దాన్నే మనం శ్రీకాకుళం ఉద్యమం అంటాం. చిత్రం ఏంటంటే, పార్వతీపురం వైపు ఊళ్లు 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయాయి. ఉద్యమానికి పేరు మాత్రం మన జిల్లాదే మిగిలింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఉద్యమం గురించి అప్పట్లో ఎవరేం రాశారు? వాళ్లని ఎంత నమ్మాలి?

మొదటిది 'లిబరేషన్'. కలకత్తా నుంచి వచ్చే ఆంగ్ల పత్రిక, 1969లో పుట్టిన సీపీఐ ఎంఎల్ పార్టీ గొంతు. మొగ్గు గురించి దాపరికం ఏమీ లేదు. పార్టీ నాయకుడు చారు మజుందార్ శ్రీకాకుళాన్ని చైనాలో మావో స్థావరమైన యెనాన్‌తో పోల్చారు. విజయం దగ్గరలోనే ఉందన్నట్టు రాతలు సాగాయి. ఏమైంది? 1970 జులై 10న సత్యం, కైలాసం ఇద్దరూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఉద్యమం చాలావరకు అణిగిపోయింది. అంటే జోస్యం తప్పింది. కానీ అదే పక్షం ఇంకో మాట కూడా చెప్పింది. గిరిజనుడి భూమి అప్పు పేరుతో షావుకారు చేతిలోకి పోతోందని, చట్టం వాడికి దక్కడం లేదని. ఆ మాట నిజమా?

దీనికి జవాబు అవతలి పక్షం కాగితంలో దొరుకుతుంది. 1969లో కేంద్ర హోంశాఖలో పరిశోధన, విధాన విభాగం ఒకటి ఉండేది. ఇప్పటి భాషలో చెప్పాలంటే ప్రభుత్వం లోపలి థింక్ ట్యాంక్. దేశంలో వ్యవసాయ ఉద్రిక్తతలకి కారణాలేంటి అని ఆ విభాగం ఒక రిపోర్టు రాసింది. హోంశాఖ ఎవరిది? సీఆర్‌పీ బలగాల్ని నడిపేదే ఆ శాఖ. మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు. అయినా ఆ రిపోర్టు, గొడవంతా బయటివాళ్లు రెచ్చగొట్టడం వల్లే అని సరిపెట్టలేదు. భూసంస్కరణలు సరిగా అమలు కాలేదని, కౌలుదారుకి భద్రత లేదని, కొత్త వ్యవసాయ విధానం లాభం ఉన్నవాళ్లకే ఎక్కువ అందిందని రాసింది. ఇలాగే వదిలేస్తే పరిస్థితి పేలుతుందని హెచ్చరించింది.

నేను ఇక్కడ ఆగి ఆలోచిస్తాను. తన ప్రభుత్వానికే ఇబ్బంది కలిగించే మాట ఒక సంస్థ రాస్తే, ఆ మాటకి బరువు ఎక్కువ. ఒకరిని ఒకరు చంపుకుంటున్న రెండు పక్షాలు ఒకే విషయం చెబితే ఇంకా ఎక్కువ. మూడో రుజువు చట్టం. ఏజెన్సీలో గిరిజనుల భూమి మీద 1959 నాటి నిబంధన ఒకటి ఉంది. దాన్ని 1970లో గట్టిగా బిగించారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, అదే. గిరిజనేతరుడి చేతిలో ఏజెన్సీ భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని ముందు భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. సమస్య లేకపోతే అలాంటి చట్టం ఎందుకు వస్తుంది?

అయితే హోంశాఖ భూమి గురించి నిజం రాసింది కాబట్టి ప్రభుత్వం చెప్పినవన్నీ నిజం అనుకోకండి. 'ఎన్‌కౌంటర్' అనే మాట తీసుకోండి. అక్కడ పోలీసులు తమ పని గురించి తామే చెబుతున్నారు. తమకి లాభం ఉన్న చోట మాట్లాడుతున్నారు. 1977లో తార్కుండే కమిటీ ఎమర్జెన్సీ నాటి ఆంధ్ర ఎన్‌కౌంటర్లని విచారించి, పోలీసుల కథనాన్ని తప్పుబట్టింది. ఆ కమిటీలో ఉన్నది పౌరహక్కుల వాళ్లు, వాళ్లకీ మొగ్గు ఉంది. కానీ వాళ్లు ఊళ్లకి వెళ్లి సాక్షులతో మాట్లాడారు. అంటే ఇంకొకరు వెళ్లి సరిచూసుకునే దారి ఉంచారు.

ఇప్పటి సంస్థలకీ ఇదే లెక్క. అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ 1990లో రిలయన్స్ అండతో మొదలైంది. వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్ తొలి డైరెక్టర్ అజిత్ దోవల్, 2014లో జాతీయ భద్రతా సలహాదారు అయ్యారు. 1973 నుంచి ఉన్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కి విదేశీ విరాళాల అనుమతిని 2024లో కేంద్రం రద్దు చేసింది. ఇవన్నీ తెలుసుకోవాలి. కానీ ఇవి మొగ్గు చెబుతాయి, అంతే. రిపోర్టులో అంకె తప్పో ఒప్పో చెప్పవు.

అందుకే మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు నాలుగు చూడండి. డబ్బు ఎవరిది? ఈ మాట వల్ల వాళ్లకి లాభమా, నష్టమా? అంకె ఎక్కడి నుంచి తెచ్చారో రాశారా? వాళ్లంటే పడనివాళ్లు కూడా అదే చెబుతున్నారా? మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే, 1969లో హోంశాఖ రిపోర్టుని "ప్రభుత్వానిదే కదా" అని పక్కన పడేసేవాళ్లం. గిరిజనుడి మాటని కూడా "నక్సలైట్ల ప్రచారం" అని కొట్టిపారేసేవాళ్లం. రెండింటిలోనూ ఉన్న ఒకే నిజం మన చేతిలోంచి జారిపోయేది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.