ఇంటి కంప్యూటర్‌లో స్థానిక వాతావరణ సమాచారం: చారిత్రక పరిణామం

1. పరిచయం

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఊరి పేరు టైపు చేస్తే, అక్కడి ఉష్ణోగ్రత, గాలి వేగం, రాబోయే రోజుల వర్ష సూచన క్షణాల్లో తెరపైకి వస్తాయి. ఇంత సులువుగా అందే ఈ సమాచారం వెనుక మూడు వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. మొదటిది పరికరాలతో చేసే పరిశీలన చరిత్ర. రెండోది పరిశీలనలను దూరప్రాంతాలకు చేరవేసే ప్రసార చరిత్ర. మూడోది వాటి ఆధారంగా రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే గణన చరిత్ర. ఈ మూడూ 1990లలో ఇంటి కంప్యూటర్ దగ్గర కలిశాయి. అయితే తెరపై మన ఊరి పేరు కనిపించినంత మాత్రాన, దాని పక్కనున్న అంకె మన ఊళ్ళోనే కొలిచినదని అర్థం కాదు. ఎందుకు కాదో తెలుసుకోవాలంటే ఈ మూడు చరిత్రలనూ వరుసగా పరిశీలించాలి.

2. పరిశీలన, ప్రసారం

1643లో ఇటలీకి చెందిన టారిసెల్లి పాదరస భారమితిని రూపొందించడంతో గాలి పీడనాన్ని కొలవడం సాధ్యమైంది. కాని ఒకచోట ఉన్న పరికరం ఆ చోటి పరిస్థితిని మాత్రమే చెప్పగలదు. వంద మైళ్ళ అవతల తుఫాను ఉందన్న కబురు గుర్రంమీద వచ్చేలోపు తుఫానే వచ్చేది. 1840ల తరువాత విస్తరించిన టెలిగ్రాఫ్ ఈ స్థితిని మార్చింది. అనేక చోట్ల ఒకే సమయంలో తీసిన కొలతలను ఒక కార్యాలయంలో చేర్చి పటం గీయడం వీలైంది. బ్రిటన్‌లో రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ ఈ పద్ధతిలో తయారుచేసిన వాతావరణ సూచన 1861 ఆగస్టు 1న ‘ది టైమ్స్’ పత్రికలో వెలువడింది.

మన దేశంలో ఈ వ్యవస్థ విపత్తుల నుంచి పుట్టింది. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుఫానులు ముంచెత్తాయి. మచిలీపట్నం ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు. 1866లో ఒరిస్సాను కరువు కబళించింది. ఈ అనుభవాల తరువాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ బాధ్యతలు చేపట్టాడు. విడివిడిగా సాగుతున్న పరిశీలనలు అప్పటినుంచి ఒకే వ్యవస్థ కిందికి వచ్చాయి.

పరిశీలన ఉన్నంత మాత్రాన ప్రజలకు రక్షణ లభించదని మరో శతాబ్దానికి దివిసీమ నిరూపించింది. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా తీరాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. తుఫాను ఉందని వాతావరణ శాఖకు తెలుసు. హెచ్చరిక మాత్రం గ్రామాలన్నిటికీ సకాలంలో చేరలేదు. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరప్రాంతాలకు నేరుగా హెచ్చరికలు పంపే ఏర్పాటు చేయడానికి ఇటువంటి అనుభవాలే నేపథ్యం.

3. గణన: కాగితం నుంచి కంప్యూటర్ వరకు

వాతావరణాన్ని గణిత సమీకరణాలతో ముందుగా లెక్కగట్టవచ్చని బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ భావించాడు. 1910 మే 20 నాటి పరిశీలనలను తీసుకుని, ఆరు గంటల మార్పును చేత్తో లెక్కించాడు. పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని లెక్క తేలింది. నిజానికి ఆ రోజు పీడనంలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. ఫలితం తప్పినా, పద్ధతి సరైనదన్న నమ్మకంతో 1922లో దానిని గ్రంథంగా ప్రచురించాడు. వాతావరణంతో సమానంగా లెక్క సాగాలంటే 64,000 మంది గణకులు కావాలని అంచనా వేశాడు.

ఆ గణకుల స్థానాన్ని యంత్రం ఆక్రమించింది. 1950లో అమెరికాలో ఛార్నీ, ఫాన్ న్యూమన్ తదితరులు ఎనియాక్ కంప్యూటర్‌పై తొలి సూచనలను లెక్కించారు. 24 గంటల సూచనకు దాదాపు 24 గంటలే పట్టింది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక లెక్కను మళ్ళీ నడుపుతూ 0.506127కు బదులు 0.506 ఇచ్చాడు. కొంతసేపటికి రెండు ఫలితాలకూ పోలికే లేకుండా పోయింది. తొలి కొలతలోని చిన్న తేడా కాలం గడిచేకొద్దీ పెద్దదవుతుందని దీనివల్ల తెలిసింది. రేపటి సూచన కంటే పదో రోజు సూచన బలహీనంగా ఉండటానికి కారణం ఇదే. భారతదేశంలో మధ్యశ్రేణి వాతావరణ సూచనల జాతీయ కేంద్రం 1988లో ఏర్పడింది. ఈ పనికి క్రే సూపర్ కంప్యూటర్‌ను అమెరికా నుంచి తెప్పించారు.

4. ఇంటి తెరపైకి

అమెరికాలో ప్రభుత్వ వాతావరణ సమాచారం ఎవరైనా ఉచితంగా వాడుకోదగినది. అందువల్ల విశ్వవిద్యాలయాలు దానిని ప్రజలకు అందించగలిగాయి. 1991లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో ‘వెదర్ అండర్‌గ్రౌండ్’ సేవ మొదలైంది. టెల్నెట్ ద్వారా దానిలోకి ప్రవేశించి, పట్టికలోంచి ఊరిని ఎంచుకుంటే అక్షరాల రూపంలో సమాచారం వచ్చేది. 1995లో అది వాణిజ్య సంస్థగా మారింది. అదే సంవత్సరం ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది.

ఇలా వచ్చిన ‘ప్రస్తుత ఉష్ణోగ్రత’ చాలావరకు విమానాశ్రయాల నుంచి వచ్చేది. విమానాల కోసం గంటకో అరగంటకో విడుదలయ్యే ‘మెటార్’ నివేదికలు ప్రపంచమంతటా ఒకే సంకేతభాషలో ఉండటం వల్ల, కంప్యూటర్లు వాటిని తేలికగా చదవగలిగాయి.

5. ‘స్థానికం’ అంటే ఏమిటి?

విమానాశ్రయంలోని కొలత నగరమంతటికీ వర్తించదు. హైదరాబాదులో కూకట్‌పల్లిలో రోడ్లు మునిగిన వేళ శంషాబాదులో చినుకైనా పడకపోవచ్చు. సూచనల విషయంలో మరో పరిమితి ఉంది. కంప్యూటర్ నమూనా భూమిని గళ్ళుగా విభజించి లెక్కిస్తుంది. 2018లో భారత వాతావరణ శాఖ వాడుకలోకి తెచ్చిన ప్రపంచ నమూనాలో గడి పొడవు సుమారు 12 కిలోమీటర్లు. అంటే ఒక గడిలో దాదాపు 144 చదరపు కిలోమీటర్లు, అందులో ఎన్నో గ్రామాలు. ఒక చెరువు కింద కురిసి పక్క చెరువు కింద కురవని వానను ఆ గడి పట్టుకోలేదు. మండలాల్లో స్వయంచాలక వాతావరణ కేంద్రాలను నెలకొల్పడం ఈ లోటును తగ్గించడానికే.

కాబట్టి తెరపై కనిపించే సమాచారాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించాలి: అది ఏ కేంద్రానిది? ఏ సమయానిది? కొలిచినదా, లెక్కగట్టినదా? మందు కొట్టాలనుకునే రైతుకు, ధాన్యం ఆరబోసిన కుటుంబానికి ఈ తేడా డబ్బుతో కూడిన విషయం.

ఇంకొక విషయం కూడా మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోన్ వ్యవస్థలు కుప్పకూలాయి. సమాచారం అత్యవసరమైన గంటల్లోనే ఇంటి కంప్యూటర్ మూగబోయింది. అటువంటి సమయంలో బ్యాటరీతో నడిచే రేడియో వంటి పాత సాధనాలు ఇప్పటికీ అవసరమే.

6. సారాంశం

భారమితి, టెలిగ్రాఫ్, కంప్యూటర్ ఒకదాని తరువాత ఒకటి వచ్చినా, కొత్తది పాతదాన్ని తొలగించలేదు, దానిపైనే ఆధారపడింది. ఇంటి కంప్యూటర్ సమాచారాన్ని దగ్గర చేసింది కాని, ఖచ్చితత్వాన్ని సృష్టించలేదు. స్థానిక ఖచ్చితత్వం నేటికీ ఊరికి దగ్గరలో ఉన్న పరికరంపైన, దాని సక్రమ నిర్వహణపైన ఆధారపడి ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టెలిగ్రాఫ్ రాకతో వాతావరణ పరిశీలనలో వచ్చిన మార్పు ఏమిటి?
2. రిచర్డ్‌సన్, లోరెంజ్‌ల అనుభవాల నుంచి మనం గ్రహించేదేమిటి?
3. మీ ప్రాంతపు వాతావరణ సమాచారం ఏ కేంద్రం నుంచి వస్తుందో తెలుసుకుని, మీ ఊరికి అది ఎంతవరకు వర్తిస్తుందో చర్చించండి.