అలా కనబడరే!

"మీరు సాయిబులా? అలా కనబడరే!"

విశాఖపట్నంలో బతికే మాకు ఈ మాట కొత్త కాదు. హార్బరు గేటు దగ్గర విన్నాం, ఉక్కు కర్మాగారం షిఫ్టు బస్సులో విన్నాం, అద్దె ఇంటి కోసం వెళ్లిన గుమ్మంలో విన్నాం. అనేవాళ్లు మెచ్చుకోలుగానే అంటారు. మేము నవ్వి ఊరుకుంటాం. మసీదు మెట్ల మీదికి వెళితే ఇదే మాట తిరగబడి వస్తుంది. "గడ్డమేదీ భాయ్? టోపీ జేబులోనేనా?" దానికీ నవ్వుతాం. వాళ్లకి మేము ముస్లింల్లా కనబడం. వీళ్లకీ కనబడం. మరి ముస్లిం ఎలా కనబడతాడో ఇద్దరికీ ఎవరు చెప్పారో!

కురుపాం మార్కెట్ దగ్గర టీ కొట్లో మాకు సాయంత్రాల కూటమి ఒకటుంది. ఒకాయన తబ్లీగ్ జమాత్ వెంట తిరుగుతాడు. ఇంకొకాయన ఏటా విజయనగరం బాబామెట్ట ఉర్సుకి వెళ్లాల్సిందే. చర్చ ఎప్పుడూ వేషం దగ్గరే మొదలవుతుంది. "నీ పైజామా కురచైన కొద్దీ ఉపన్యాసం పొడుగవుతోంది" అని ఈయన. "మెడలో ఆకుపచ్చ రుమాలు చూసి పీరుసాయిబనుకున్నాం, తీరా చూస్తే టీ డబ్బులు కట్టలేని ఫకీరు" అని ఆయన. నవ్వులు చల్లారేలోపు మాట దర్గాల మీదికి పోతుంది. సమాధి ముందు చేతులు చాపడం షిర్క్ అని ఒకరు, వలీని మధ్యవర్తిగా పెట్టుకోవడం తప్పెలా అవుతుందని ఇంకొకరు. అప్పుడిక ఎవరూ నవ్వరు.

వేషం నుంచి తసవ్వుఫ్‌కి మాట మళ్లడం వింతేమీ కాదు. సూఫీ అనే పేరే బట్టలోంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల మాట. అరబ్బీలో సూఫ్ అంటే ఉన్ని. పట్టు కట్టే పెద్దల మధ్య ముతక ఉన్ని అంగీ తొడుక్కోవడమే వాళ్ల నిరసన. కొన్నాళ్లకి ఆ అంగీయే ఒక హోదా అయిపోయింది. 922లో బాగ్దాదులో మరణశిక్షకి గురైన మన్సూర్ హల్లాజ్ అంతకుముందే ఆ అంగీని విప్పేసి మామూలు జనం బట్టలు కట్టుకున్నాడు. 'అనల్ హక్' అన్నందుకు ఆయన్ని తలచుకునేవాళ్లు వేషం విప్పేసిన సంగతిని అంతగా తలచుకోరు. మాకైతే రెండోదే పెద్ద సాహసంగా తోస్తుంది.

మా ప్రాంతపు కథ ఇంకా దగ్గరిది. నాగపూరు తాజుద్దీన్ బాబా 1861లో కామ్టీలో పుట్టి, కొన్నాళ్లు సిపాయిగా పనిచేశారు. తరువాత బట్టల ధ్యాసే లేకుండా తిరుగుతుంటే 1892లో పిచ్చాసుపత్రిలో వేశారు. సర్కారు కంటికి ఆయన పిచ్చివాడిలాగే కనబడ్డారు. జనం మాత్రం ఆ ఆసుపత్రి గేటు దగ్గరే బారులు తీరారు. ఆయన శిష్యుడు ఖాదర్ బాబా విజయనగరం వచ్చి స్థిరపడి, 1961లో అక్కడే కన్నుమూశారు. బాబామెట్టకి వచ్చేవాళ్లలో హిందువులెందరో. విశాఖకి దక్షిణాన పిఠాపురంలో ఉమర్ అలీషా (1885-1945) తెలుగు పద్యాల్లో సూఫీ తత్వమూ వేదాంతమూ కలిపి చెప్పారు, ఉమర్ ఖయ్యాంని తెలుగు చేశారు, 1935 నుంచి ఢిల్లీలో కేంద్ర శాసనసభ సభ్యుడిగా ఉన్నారు. మా పిల్లల తెలుగు పాఠంలో ఆయన పద్యం ఎంత వెతికినా కనబడలేదు. తెలుగు మాట్లాడితే "మీకు తెలుగు బాగా వచ్చే!" అని ఆశ్చర్యపోయేవాళ్లకి ఆయన పేరు ఎక్కడ ఎదురవుతుంది?

టీకొట్టు వాదనకి వస్తే, అది మేమనుకున్నంత సూటిగా లేదు. ఉన్నదంతా ఒక్కటే ఉనికి అనే ఆలోచనకి పెద్దదిక్కు ఇబ్ను అరబీ (1165-1240). కాదు, ఆ ఏకత్వం సాధకుడికి కలిగే అనుభవం మాత్రమే, సృష్టి వేరు, స్రష్ట వేరు అని వాదించిన షేక్ అహ్మద్ సర్హిందీ (1564-1624) కూడా నక్షబందీ సూఫీయే. అంటే తగాదా ఇంట్లోదే. 1920లలో మేవాత్‌లో తబ్లీగ్ మొదలుపెట్టిన మౌలానా ఇలియాస్ స్వయంగా చిష్తీ సాబిరీ పరంపరలో బైఅత్ చేసినవారు. ఈ సంగతి చెబితే మా గడ్డం మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. రుమాలు మిత్రుడు తెగ సంబరపడ్డాడు. ఆ సంబరమూ నిలవలేదు. దర్గాల దగ్గర జరిగే ప్రతి వ్యాపారానికీ ఇబ్ను అరబీ పూచీ ఇవ్వడు కదా!

ఇదంతా మేము మాట్లాడుకునే చోటికి కొద్దిదూరంలోనే దర్గాకొండ ఉంది. రేవు ముఖద్వారం మీదికి మూడు కొండలు: ఒకదాని మీద మరియమాత గుడి, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, నడిమి కొండ మీద హజ్రత్ ఇస్‌హాక్ మదీనా. ఈ మూడింటినీ ఒకే ఫొటోలో ఇరికించి మత సామరస్యమని అచ్చువేయడం టూరిజం వాళ్లకి అలవాటు. కానీ మాకు నచ్చిన ఆధారం ఫొటో కాదు, ఒక వ్యాజ్యం.

కార్మైకేల్ అనే దొర 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాశాడు. రేవులోకి వచ్చే ఓడా, రేవు దాటే ఓడా జెండాను మూడుసార్లు ఎత్తి దించి ఈ వలీకి సలాం చేస్తాయని అందులో ఉంది. బంగాళాఖాతం ఈయన మాట వింటుందని నమ్మకం. ప్రయాణం చల్లగా సాగితే హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన దోనెలు తెచ్చి సమర్పించేవారు. ఒక కోమటి షావుకారుకీ, ఆయన ఓడ నడిపిన ముస్లిం సరంగుకీ మధ్య తగాదా కోర్టుకెక్కింది. తుపానులో చిక్కినప్పుడు సరంగు దర్గాకి డబ్బు సంచి మొక్కుకుని, ఆ మొత్తాన్ని షావుకారు ఖాతాలో ఖర్చు రాశాడు. మొక్కు ఎందుకని షావుకారు అడగలేదు. వలీకి శక్తి ఉందా అనీ అడగలేదు. ఆ మొక్కు నిజంగా తీర్చావా లేదా, అదొక్కటే తగవు! తుపానులో ఆ మొక్కు ఇద్దరికీ సమ్మతమే. లెక్క దగ్గరే పేచీ. మా ఊళ్లో కలిసి బతకడమంటే ఇలా ఉండేది, ఉపన్యాసాల్లో చెప్పినట్టు కాదు.

అప్పటికి ఇక్కడ లోపలి రేవు లేదు. ఓడలు సముద్రంలో ఆగితే సరుకు మసూలా పడవల మీద ఒడ్డుకి వచ్చేది. లోపలి రేవు 1933లో తెరిచారు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితం చేశారు. రేవు కంటే, ఉక్కు కంటే ముందున్నది ఆ సమాధి. మమ్మల్ని "ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగేవాళ్లకి ఈ వరస చెప్పాలనిపిస్తుంది.

అయితే ఈ వరస చెప్పడంలో ఒక ప్రమాదముంది. దర్గా కథ వినగానే చాలామంది పెద్దమనుషుల మొహాలు వికసిస్తాయి. "అదీ! సూఫీలంటే మంచివాళ్లండీ. మీరంతా అలాగే ఉంటే గొడవేముంది?" అంటారు. ఇది "అలా కనబడరే" అన్న మాటకి చదువుకున్న రూపం. దర్గాకి వెళ్లే ముస్లిం మంచివాడు, నమాజుకి వెళ్లే ముస్లిం అనుమానితుడు! మా గడ్డం మిత్రుడితో మేము రోజూ పోట్లాడతాం, రేపూ పోట్లాడతాం. కానీ అతన్ని పక్కకి నెట్టి మాకిచ్చే కితాబు మాకొద్దు. సూఫీల మీద తీర్పు మేము మాలో మేము చెప్పుకుంటాం, తప్పులు చెప్పుకుంటాం, దిద్దుకుంటాం.

ఆ మధ్య పాత ఊళ్లోనే ఒక ఇల్లు చూశాం. మేడ మీది నుంచి దర్గాకొండ కనబడుతుంది. ఇంటాయన నెమ్మదస్తుడు. గురువారం గురువారం కొండెక్కి అగరవత్తులు వెలిగించి వస్తానని ఆయనే చెప్పాడు. అద్దె కుదిరింది. అడ్వాన్సు చేతికిస్తూ పేరు చెప్పాం. "అలా కనబడరే!" అన్నాడు. తరువాత, ఇంట్లో ఆడవాళ్లనడిగి కబురు చేస్తానని అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టాడు. కబురు రాలేదు.

వచ్చే గురువారం కొండ మెట్ల దగ్గర ఎదురయ్యాడు. చెప్పులు విప్పుతూ, "ఇల్లు దొరికిందా అండీ?" అని అడిగాడు.

ఇంకా లేదన్నాం. పైకి కలిసే ఎక్కాం.