మాటలేని దృశ్యం: నల్లగొండ, పాలమూరు జీవితచిత్రణలో మౌనం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు జీవితం దృశ్యమాధ్యమాల్లోకి వచ్చిన క్రమంలో సంభాషణ లేని సన్నివేశాలు నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1975–76 నాటి ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం, ‘అంకుర్’, ‘దాసి’, ‘సుస్మన్’, ‘మల్లేశం’ వంటి చిత్రాలు ఇందుకు ఆధారాలు. గడి ముందు మాటకు చోటులేని సమాజ చరిత్రకూ తెరమీది మౌనానికీ గల సంబంధం, ఆ మౌనంపై రాదగిన ఆక్షేపణ ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: మౌనం, దృశ్యకథనం, గడి, వెట్టి, దూరదర్శన్, దాసి, ఆసు.

1. ఉపోద్ఘాతం

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. ఈ నాలుగింటిలో మాటకు దక్కింది ఒక్కటే. అయినా తెలుగు రంగస్థలం పద్యాన్ని నమ్ముకొని పెరిగింది. ప్రేక్షకుడు నాటకాన్ని చూడటానికి ఎంతగా వెళ్లాడో, వినడానికీ అంతగానే వెళ్లాడు. పద్యం చివర రాగం తీసిన నటునికి “వన్స్‌మోర్” దక్కిందే గాని, మాట్లాడకుండా నిలుచున్న నటునికి దక్కిన సందర్భాలు బహు తక్కువ. సినిమా ఈ అలవాటును వారసత్వంగా తీసుకున్నది. టెలివిజన్ ధారావాహిక దానిని మరింత ముందుకు తీసుకుపోయింది. వంటింట్లో పని చేసుకుంటూ వినే ప్రేక్షకురాలిని దృష్టిలో పెట్టుకొన్న దినసరి ధారావాహిక, బొమ్మ ఉన్న రేడియో నాటకంగానే చాలాకాలం నడిచింది. అందులో మౌనం లేదని కాదు. ఒకే ముఖాన్ని మూడు కోణాల నుండి దగ్గరగా చూపి, ప్రతిసారీ వెనుక ఒక ఉరుము వేయడం ఆ ధారావాహికలకు పరిపాటి. నటి నోరు విప్పకపోయినా ఆ ఉరుమే ఆమె తరఫున మాట్లాడుతుంది. ఈ వ్యాసంలో చర్చిస్తున్న మౌనం అది కాదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జీవితాన్ని, ఆ జీవితానికి ఆవరణమైన తెలంగాణ పల్లెను తెరకెక్కించిన కొన్ని కృతులలో మాట ఆగిపోయిన చోట కథ ముందుకు కదులుతుంది. అది దర్శకుల అభిరుచి మాత్రమే అనుకుంటే విషయం అక్కడితో ముగుస్తుంది. ఆ నేల చరిత్రలో దానికి కారణాలున్నాయా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. పాలమూరు పల్లెకు తొలి టెలివిజన్

హైదరాబాదు నగరానికి దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే మహబూబ్‌నగర్ జిల్లాలోని కొన్ని పల్లెలు టెలివిజన్ చూశాయి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 సహాయంతో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ నిర్వహించిన బోధనా టెలివిజన్ ప్రయోగం, ‘సైట్’, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు చేరింది. ఆంధ్రప్రదేశ్ నుండి ఎంపికైన ప్రాంతాల్లో మహబూబ్‌నగర్, కర్నూలు, మెదక్, హైదరాబాదు జిల్లాలున్నాయి. పల్లెలో అందరికీ కలిపి ఒక పెట్టె. దానికి ఇనుప జాలీతో అల్లిన పెద్ద గొడుగులాంటి యాంటెనా. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. తెలుగు కార్యక్రమాల తయారీకి హైదరాబాదులో ప్రత్యేక కేంద్రం పనిచేసింది.

ఈ ప్రయోగపు సాంకేతిక నిర్మాణంలో ఒక అంశం దృశ్యకథన చరిత్రకారుల దృష్టికి రావలసినంతగా రాలేదు. ఉపగ్రహం పంపగలిగినది ఒక దృశ్య మార్గాన్ని, దానికి తోడు రెండు శబ్ద మార్గాలను. అంటే బొమ్మ ఒకటే, భాషలు రెండు. అటువంటి ఏర్పాటులో పెదవుల కదలికకు కట్టుబడిన సంభాషణ బరువవుతుంది. చేతులు చేసే పని, నడక, చూపు ఏ భాషలోనైనా నిలుస్తాయి. దీనికి తోడు రోజూ కొంతసేపు అన్ని ప్రాంతాలకూ ఉమ్మడిగా హిందీ కార్యక్రమం ఉండేది. ఉర్దూ వాసన తగిలిన పట్టణవాసికి అది కొంత అర్థమై ఉండవచ్చు. తెలుగు తప్ప మరొక భాష ఎరుగని పాలమూరు రైతుకు మాత్రం అది శబ్దమున్న మూకీచిత్రమే. ఆ విధంగా ఇక్కడి పల్లె ప్రేక్షకుడు టెలివిజన్‌తో తొలి పరిచయంలోనే మాటను పక్కనపెట్టి బొమ్మను చదవవలసి వచ్చింది. తరువాతి కాలంలో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల పురస్కార చిత్రాలను ప్రసారం చేసినప్పుడు కూడా ఇదే జరిగింది. బెంగాలీ, మలయాళ చిత్రాల కింద కనిపించే ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినవారు ఎందరు? మిగిలినవారు ముఖాలు చూసి కథ పట్టుకున్నారు.

3. గడి ముందు మాట

నిజాం పాలనలోని నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా నాడు ఆ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలోనూ సూర్యాపేట ప్రాంతంలోనూ దేశ్‌ముఖుల గడి పల్లెకు న్యాయస్థానం, ఖజానా, చెరసాల. వెట్టి చేసే కులాలవారికి గడి ముందు మాట్లాడే హక్కు లేదు, ఒక సూత్రవాక్యం మాత్రం ఉన్నది: “నీ బాంచెన్ దొరా, కాల్మొక్త.” ఈ వాక్యాన్ని సంభాషణగా లెక్కించడం పొరపాటు. పలికేవాని మనసులో ఉన్నదేదీ ఆ మాటలో లేదు. అసలు విషయం వంగిన నడుములో, చేతిలోకి తీసుకున్న చెప్పుల్లో, భుజం మీది నుండి దిగిన తువ్వాలలో ఉన్నది. అంటే ఆ సమాజంలో మాట అబద్ధానికి, శరీరం నిజానికి స్థానాలయ్యాయి. దీనిని తెరమీదికి తేదలచిన దర్శకునికి సంభాషణ రచయిత చేయగల సహాయం స్వల్పం.

దొరల ఇళ్లలోని ఆడబాపల స్థితి ఇంకా కఠినం. దొరసానికి పుట్టింటివారు ఇచ్చిన సారెతో పాటు ఈ ఆడపిల్లలూ వచ్చేవారు. కౌలు పత్రాలు, రెవెన్యూ దస్త్రాలు భూమిని గుర్తుపెట్టుకున్నాయి, ఈ స్త్రీల మాటను నమోదు చేయలేదు. చరిత్ర రచనకు ఇది పెద్ద లోటు. సాక్ష్యం పలకని వ్యక్తి నోట నేటి రచయిత మాట పెడితే అది కల్పన అవుతుంది. మాట పెట్టకుండా ఆమె రోజును చూపితే అదీ కల్పనే, కాని ఆమె చెప్పనిది చెప్పినట్లు నటించని కల్పన.

దీనికి మరొక చారిత్రక కారణం తోడైంది. తెలుగు సినిమా, దాని వెంట టెలివిజన్, తెలంగాణ పలుకుబడిని చాలాకాలం హాస్యగాళ్లకు, రౌడీలకు కేటాయించాయి. తెలంగాణ పాత్ర నోరు విప్పగానే నవ్వడానికి ప్రేక్షకుడు అలవాటుపడ్డాడు. ఆ స్థితిలో సన్నివేశం నిశ్శబ్దంగా ఉన్నంతసేపూ ఆ పాత్రకు గౌరవం దక్కింది.

4. ‘అంకుర్’: మూగవాని కథ

శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ (1974) తెలంగాణ పల్లెలో జరిగే కథ, భాష దక్కనీ హిందీ. లక్ష్మి భర్త కిష్టయ్య చెవిటి, మూగ కుమ్మరి. కల్లు దొంగిలించాడని గుండు గీయించి గాడిదపై ఊరేగిస్తారు. అవమానం భరించలేక ఊరు విడిచి పోతాడు. ఈ పాత్ర ధరించిన సాధు మెహర్‌కు జాతీయ ఉత్తమ నటుని పురస్కారం లభించింది. మాటే లేని పాత్రకు ఆ గౌరవం రావడం వాచికం ఏలిన భారతీయ సినిమాలో అరుదైన సంగతి. లక్ష్మిగా షబానా ఆజ్మీ ఉత్తమ నటి పురస్కారం పొందింది.

చివర కిష్టయ్య పని అడగడానికి తిరిగి వస్తే, తన తప్పు బయటపడిందని భయపడిన యువ భూస్వామి సూర్య అతణ్ణి కొరడాతో కొడతాడు. అంతవరకు అణగి ఉన్న లక్ష్మి శాపనార్థాలతో విరుచుకుపడుతుంది. చిత్రం అక్కడ ముగిసి ఉంటే అది మంచి నాటకం. బెనెగల్ అక్కడ ఆపలేదు. అందరూ పోయాక ఒక చిన్న పిల్లవాడు రాయి తీసుకొని సూర్య ఇంటి కిటికీ అద్దం పగులగొట్టి పరుగెత్తుతాడు, తెర ఎర్రబారుతుంది. పిల్లవాడు నినాదమేదీ ఇవ్వడు. 1946–51 నాటి సాయుధ రైతాంగ పోరాటం ఎరిగిన ప్రేక్షకునికి ఆ రాయి ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు, ఎరగనివానికి రెండు పేజీల సంభాషణతోనూ చెప్పలేరు. లక్ష్మి కోపం వెంటనే వచ్చినందువల్లనే ఈ నిశ్శబ్దానికి బలం చేకూరింది. మాటలన్నీ అయిపోయిన తరువాతి చేతగా అది నిలిచింది.

5. ‘దాసి’: ఒక రోజు పని

బి. నర్సింగరావు ‘దాసి’ (1988) ఈ పరిశీలనకు కేంద్రం. 1920ల నాటి గడిలో కమలాక్షి అనే దాసి జీవితం దీని వస్తువు. దొరకు ఆమె శరీరంపై అధికారం ఉన్నది. గర్భం వస్తే దానిపై నిర్ణయమూ ఆమెది కాదు. 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటి (అర్చన), ఛాయాగ్రహణం (అపూర్వ కిశోర్ బీర్), కళాదర్శకత్వం (తోట వైకుంఠం), వస్త్రాలంకరణ (సుదర్శన్) విభాగాల్లో, మొత్తం ఐదు పురస్కారాలు దీనికి దక్కాయి. ఈ పట్టికను ఊరక చదివి వదిలేయరాదు. నటన, వెలుగు, గోడలు, బట్టలు: పురస్కారాలు దక్కినవన్నీ మాటకు వెలుపలి అంశాలే. భరతుని పరిభాషలో చెప్పాలంటే ఆంగిక, సాత్త్విక, ఆహార్యాలకు వచ్చిన గుర్తింపు. వస్త్రాలు కూర్చిన సుదర్శన్ నల్లగొండ జిల్లా మిర్యాలగూడకు చెందిన చిత్రకారుడు. ఆ చిత్రం తరువాత ‘దాసి’ ఆయన ఇంటిపేరులా స్థిరపడింది.

ఈ చిత్రంలో కమలాక్షి మాట్లాడేది కొద్దిగానే. ఊడవడం, తోమడం, మోయడం, పిలుపు కోసం గుమ్మం పక్కన నిలబడటం ఆమె భాష. సాధారణ కథాచిత్రం ఈ పనులను రెండు క్షణాల్లో దాటవేసి సంభాషణకు చేరుకుంటుంది. నర్సింగరావు పని జరిగినంతసేపూ పనిని చూపడానికి వెనుకాడడు. ఫలితంగా ప్రేక్షకునికి కాలం బరువు తెలుస్తుంది. గడి విశాలమైనదని చెప్పే సంభాషణకు బదులు, ఆ ఆవరణను ఒక మనిషి కాలినడకన దాటడానికి పట్టే సమయం కనిపిస్తుంది. వెట్టి అంటే కూలి లేని పని అని పాఠ్యపుస్తకం నిర్వచిస్తుంది. అది ముగింపు లేని పని కూడా అని ఈ చిత్రంలో కంటికి తెలుస్తుంది.

6. ఒక ఆక్షేపణ

ఈ మౌనాన్ని అంగీకరించడానికి ముందు ఒక బలమైన అభ్యంతరాన్ని ఎదుర్కోవలసి ఉన్నది. నల్లగొండ చరిత్ర మౌన చరిత్ర కాదు. తెలంగాణ రైతాంగ పోరాటం పాటతో, బుర్రకథతో, గొల్లసుద్దులతో సాగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకం (1947) మాటల బలంతోనే జనాన్ని కదిలించింది. అదే పేరుతో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా వచ్చిన చిత్రం (1979) కిషన్ చందర్ నవల ఆధారంగా రూపొందినది. నాటకానికి అనుసరణ కాదు. అందులోనూ గద్దర్ పాట ప్రాణం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు నడుస్తున్నది ఊరేగింపు, మౌనవ్రతం కాదు. పాలకుర్తిలో ఐలమ్మ నోరెత్తింది గనుకనే పంట దక్కించుకోగలిగింది. అటువంటి ప్రజలను తెరమీద పదే పదే మూగవారిగా చూపితే, గడి చేసిన పనినే కెమెరా మళ్లీ చేస్తున్నదా?

ఈ ఆక్షేపణలో న్యాయముంది. నగరపు ప్రేక్షకుడు పల్లె స్త్రీ మౌనాన్ని సౌందర్యంగా ఆస్వాదించే ప్రమాదం సమాంతర చిత్రాలకు ఎప్పుడూ ఉన్నదే. అయితే ‘దాసి’ కాలం పోరాటానికి పాతికేళ్ల ముందరిది. ఆనాడు లేని గొంతును ఆమెకు అరువిస్తే, పోరాటం దేనిని మార్చిందో తరువాతి తరానికి అర్థం కాదు. 1979 చిత్రపు పాట, 1988 చిత్రపు మౌనం ఒకే మనిషి కృషిలోని రెండు భాగాలు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆయన చెప్పదలచిన చరిత్ర పూర్తవుతుంది.

7. చేతిపని మౌనం

గడి పోయాక మౌనం మరో చోటికి మారింది. బెనెగల్ ‘సుస్మన్’ (1987) పోచంపల్లి చేనేతవారి కథ. ఓం పురి, షబానా ఆజ్మీ రాములు, గౌరమ్మలుగా నటించారు. ఇక్కత్ నేతలో రంగు నూలుకే పడుతుంది, ఆ తరువాతే మగ్గమెక్కుతుంది. బట్ట మీది పువ్వు నేతగాని తలలో ముందే ఉండాలి. అంత లెక్కను మనసులో మోస్తున్నవాడు కబుర్లు చెప్పడు. నర్సింగరావు ‘మట్టి మనుషులు’ (1990) పల్లె విడిచి నగరంలో కట్టడాల పనికి చేరిన కూలీల జీవితం. గుంపుమేస్త్రీల వెంట దేశమంతా తిరిగి మట్టి మోసిన పాలమూరు ప్రజలకు ఆ వస్తువు పరాయిది కాదు.

ఈ వరుసలో ఇటీవలిది ‘మల్లేశం’ (2019). రాజ్ రాచకొండ దర్శకత్వం వహించిన ఈ చిత్రం ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితం ఆధారంగా వచ్చింది. మల్లేశానికి 2017లో పద్మశ్రీ లభించింది. ఇక్కత్ చీరకు నేతకు ముందు ఆసు పోయాలి. ఒక కొస నుండి అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పి తేవాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఇటూ అటూ పోవాలి. ఈ పని ఇంటి ఆడవారిది. భుజం నొప్పీ వారిదే. సాధారణ కథలో తల్లి బాధను చెప్పడానికి ఏడుపు, వైద్యుడు, పొరుగువారి ఓదార్పు కావాలి. ఇక్కడ తల్లి లక్ష్మి చేయి మళ్లీ మళ్లీ అదే దారిలో పోయి రావడం చాలు. దానిని చూస్తూ పెరిగిన కొడుకుకు యంత్రం చేయాలన్న ఆలోచన ఎందుకు కలిగిందో ఎవరూ వివరించవలసిన అవసరం రాదు.

ఈ చిత్రంలో పాత్రలు తమ ప్రాంతపు పలుకుబడిలో మాట్లాడతాయి, వారి మాటకు ఎవరూ నవ్వరు. కనుక ఇక్కడి నిశ్శబ్దానికి పాత కారణాలు వర్తించవు. దొర భయమూ లేదు, భాష విషయంలో బిడియమూ లేదు. చేతిలో పని ఉన్నది, అందుకే మాట లేదు. మల్లేశం తన యంత్రానికి పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం.