మళ్లీ రమ్మన్న పరీక్ష కథ

అక్కలారా, గర్భసంచి ముఖద్వారం పరీక్షలో "తేడా ఉంది, మళ్లీ రండి" అంటే మనలో చాలామందికి కాళ్లు చల్లబడతాయి. ఆ రెండో పరీక్ష ఎట్లా వచ్చిందో ఈ ఏడు రాస్తున్నాం.

1925లో జర్మనీ డాక్టరు హిన్‌సెల్‌మన్ ముఖద్వారాన్ని పెద్దగా చూపే అద్దాల పరికరాన్ని లోకానికి తెలిపాడు. అదే కాల్పోస్కోపు. వెనిగర్ లాంటి పులుపు నీళ్లు అద్దితే తేడా ఉన్నచోటు తెల్లబడుతుంది. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. చేదు మాట కూడా చెప్పాలి: యుద్ధకాలంలో ఆష్‌విట్జ్‌లో బందీలైన ఆడవాళ్ల మీద, వాళ్లని అడగకుండానే, ఈ పరికరంతో ప్రయోగాలు చేశారు. కాబట్టి ఏం చేస్తున్నారో డాక్టరును అడగండి, సిగ్గుపడొద్దు.

మన దేశంలో 1999లో మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో 1,30,000 పైచిలుకు ఆడవాళ్లతో పెద్ద అధ్యయనం మొదలైంది. తేడా వచ్చినవాళ్లను కాల్పోస్కోపీకి పిలిచారు. 2016లో కేంద్రం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి పరీక్ష చేయమంది.

మన ఊళ్లలో కథ వేరే నడిచింది. తెల్లబట్ట అవుతోందంటే క్యాన్సరని భయపెట్టి, చిన్న వయసులోనే గర్భసంచి తీసేసిన ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. ఆ ఖర్చుకు చేసిన అప్పులు మన సంఘం పుస్తకాల్లోనే ఉన్నాయి. రెండో పరీక్షలో క్యాన్సరుకు ముందు దశ అని తేలితే చాలాసార్లు ఆ మచ్చ వరకే తీసేస్తారు, గర్భసంచి ఉంటుంది.

పోయినేడు ఒక అక్క రమ్మన్న చీటీని బియ్యం డబ్బాలో దాచి ఆరు నెలలు ఊరుకుంది. ఇద్దరు సభ్యులు తోడెళ్లారు. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదు. మచ్చకు వైద్యం చేయించుకుని సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చింది. ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి, తారీఖు మేం మీటింగ్ పుస్తకంలో రాసుకున్నాం.