సెప్టెంబరు మచ్చ: మిరపకోతలూ మార్కుల మెమోలూ

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో కూలి కుటుంబాలకు రెండు కేలెండర్లు. ఒకటి పొలానిది, రెండోది పరీక్షలది. పత్తి తీతలు సంక్రాంతి దాకా సాగుతాయి. మిరపకోతలు జనవరిలో ఊపందుకొని ఎండలు ముదిరే దాకా నడుస్తాయి. మార్చి, ఏప్రిల్‌లలో పరీక్షలు పెట్టినవాళ్లు ఈ కోతల్ని ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లోకి నాలుగు డబ్బులొచ్చే కాలమూ, చదువు తేలే కాలమూ ఒక్కటే. మాల మాదిగ వాడల నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి తరం పిల్లల్లో ఎంతోమంది సెప్టెంబరు పరీక్షకు ఎందుకు మిగిలిపోయారో చెప్పాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఫెయిలవటం అన్నిచోట్లా, అందరికీ ఒకటి కాదు. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. గుంటూరులో లూథరన్ మిషన్ కాలేజీ 1885లో వచ్చింది. ఆ తెల్లదొరల కాలంలో 'బి.ఎ. ఫెయిల్డ్' అన్నది కూడా ఒక అర్హతే. పేరు పక్కన దర్జాగా రాసుకొని గుమాస్తా ఉద్యోగాలు అడిగేవాళ్లు. అగ్రవర్ణాల చేతిలో ఫెయిలు కూడా డిగ్రీలాగే చెల్లింది. అదే ఫెయిలు దళితుడి దగ్గరకొచ్చేసరికి 'వీళ్లకు చదువెందుకబ్బుతుందిరా' అన్న మాటకు సాక్ష్యమైంది. ఒకే మార్కు, రెండు అర్థాలు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో పి.జి. కేంద్రం పెట్టింది. అది 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. చదువు ఊరికి దగ్గరైంది, కొలత మాత్రం మారలేదు. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాస్తే కొత్త మార్కు పాతదాని స్థానంలోకి వస్తుంది. కానీ మెమో మీద పాసైన నెల, సంవత్సరం ఉంటాయి. ర్యాంకులు, పతకాలు సాధారణంగా మొదటి ప్రయత్నంలో గట్టెక్కినవాళ్లకే. అంటే మార్కు మారుతుంది, మచ్చ ఉండిపోతుంది.

ఇంటర్మీడియెట్‌లో ఈ తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. పాసైన విద్యార్థి మార్కులు పెంచుకోవటానికి మళ్లీ రాస్తే దాన్ని 'బెటర్‌మెంట్' అన్నారు. రెండిట్లో ఎక్కువ వచ్చినదే లెక్క. ఫెయిలైన విద్యార్థి రాస్తే 'సప్లిమెంటరీ' అన్నారు, పాసయ్యాక 'కంపార్ట్‌మెంటల్' ముద్ర వేశారు. ఇద్దరూ రెండోసారే రాశారు. గుంటూరు కార్పొరేట్ కాలేజీలో ఫీజు కట్టగలిగినవాడి రెండో ప్రయత్నం పట్టుదల అయింది. కల్లంలో కాయలు ఏరి వచ్చినవాడి రెండో ప్రయత్నం దండయాత్ర అయింది. ఇదేం న్యాయం?

ఇది ఒట్టి పేర్ల గొడవ కాదు. 1986లో మన రాష్ట్రంలో, 1990లో మండల్ సమయంలో దేశమంతటా రిజర్వేషన్ల మీద విరుచుకుపడినవాళ్లు ఎత్తిన జెండా 'మెరిట్'. ఆ మెరిట్‌కు ఆధారం ఈ మెమోలే. ఎవరు ఎప్పుడు పాసయ్యారో మెమో చెబుతుంది. ఆ మార్చిలో ఆ ఇంట్లో ఎవరు కోతకు వెళ్లారో చెప్పదు. దీనికి డబ్బు సంగతీ తోడైంది. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక మాట చాలాకాలం ఉంది: రెండోసారి ఫెయిలైన విద్యార్థి, పై తరగతికి వెళ్లేదాకా తన ఖర్చు తనే భరించుకోవాలి. సాయం ఎప్పుడు ఎక్కువ అవసరమో సరిగ్గా అప్పుడే చెయ్యి వదిలేశారన్నమాట.

ఆ తర్వాత సెమిస్టర్లు వచ్చాయి. యు.జి.సి. 2015లో పది పాయింట్ల గ్రేడ్ల పద్ధతి చెప్పింది. 'ఓ' కి 10, 'పి' కి 4, 'ఎఫ్' కి సున్నా. 'ఎఫ్' వస్తే మళ్లీ రాయాలి. ఏటా ఒకసారి వచ్చే పరీక్ష రెండుసార్లయింది. నవంబరు, డిసెంబరుల్లో జరిగే పరీక్ష పత్తి మీద పడుతుంది, ఏప్రిల్‌ది ఆఖరి మిరపకోతల మీద పడుతుంది. సంస్కరణ చేసినవాళ్లు పాయింట్లు మార్చారు, పంటల కాలం మాత్రం చూడలేదు.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు కోర్సు మళ్లీ చదివినవాళ్లకు కొత్త గ్రేడునే సగటులో కలుపుతాయి. పాతది కాగితం మీద ఉన్నా లెక్కలోకి రాదు. అంతదూరం పోనక్కర్లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో 67.26 శాతమే పాసయ్యారు. రెండు లక్షల మందికి పైగా తప్పారు. అప్పుడు ప్రభుత్వం, సప్లిమెంటరీలో పాసైనవాళ్లనూ రెగ్యులర్‌గానే పరిగణిస్తామని, కంపార్ట్‌మెంటల్ అనబోమని ప్రకటించింది. కరోనా వల్ల పిల్లల చదువు పాడయిందన్నది కారణం. మంచిదే. మరి కూలి వల్ల పాడైన చదువు మాటేమిటి? కరోనా రెండేళ్లు. కూలి తరతరాలది. అందరికీ కష్టమొచ్చినప్పుడు చెరిగిన ముద్ర, మనకొక్కళ్లకే కష్టమొచ్చినప్పుడు చెరగలేదు.

కాబట్టి మేము అడుగుతున్నది దయ కాదు. తిరిగి రాసి పాసైన మార్కు పూర్తి మార్కుగా చెల్లాలి. ఎన్నోసారి అన్న ఆనవాలు మెమో మీద ఉండకూడదు. తిరిగి రాసే ఏడాదికి స్కాలర్‌షిప్పు, హాస్టలు ఆగకూడదు. పరీక్షల తేదీలు వేసేముందు ఈ రేగడి పంటల కాలం చూడాలి.

కల్లంలో మన అమ్మలు ఎర్రకాయల్లోంచి తాలుకాయల్ని వేరు చేస్తారు. తాలుకాయకూ యార్డులో ధర ఉంటుంది, తక్కువ ధర. కంపార్ట్‌మెంటల్ అన్న ముద్రా అంతే, మన పిల్లల్ని తాలు కింద కట్టింది. కాయ తాలుగా మారటానికి తెగులో, వానో కారణమని ఏ కూలి తల్లిని అడిగినా చెబుతుంది. విశ్వవిద్యాలయాలకే ఆ సంగతి ఇంకా తెలియలేదు.